ఐసీయూలో షుగర్ 200.. వెంటనే దించేయాలా? గోదావరి జిల్లాలకు ఈ లెక్క ఎందుకంత ముఖ్యం?

రాజమండ్రి కావచ్చు, కాకినాడ కావచ్చు, భీమవరం కావచ్చు.. పెద్దాసుపత్రి ఐసీయూ బయట ఎప్పుడూ ఒకటే సీన్. స్టీల్ కుర్చీల్లో బంధువులు, చేతిలో మందుల చీటీ, పక్కన క్యారేజీ. లోపలి నుంచి నర్సు వస్తే చాలు, ఒకేసారి నలుగురు లేస్తారు. "సిస్టర్ గారూ, మా నాన్నకి షుగర్ ఎంతుందండీ?" 190 అనో 210 అనో జవాబొస్తే ముఖాలు వాడిపోతాయి. "ఇంటి దగ్గర 140 దాటేది కాదండీ. ఇన్సులిన్ ఇచ్చి తగ్గించెయ్యచ్చు కదండీ?"

అలా అడగడంలో తప్పేం లేదు. నిజానికి ఈ ప్రశ్నతోనే ప్రపంచంలోని ఐసీయూ డాక్టర్లు 20 ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్నారు. వేలమంది పేషెంట్లతో ట్రయల్స్ జరిగాయి. ఒకసారి దించాలన్నారు. ఇంకోసారి దించితే ప్రమాదం అన్నారు. ఇప్పుడు చర్చ ఇంకో మలుపు తిరిగింది.. ఎంత ఇన్సులిన్ ఇవ్వాలో మనిషి కాకుండా, ఆ పేషెంట్ శరీరాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ చెబితే ఎలా ఉంటుంది?

2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గేట్స్ ఫౌండేషన్‌తో ఒప్పందం చేసుకుంది. అందులో వైద్యంలో ఏఐ వాడకం కూడా ఉంది. ఏఐ అనగానే స్కాన్ చదివే సాఫ్ట్‌వేర్లే అందరికీ గుర్తొస్తాయి. ఐసీయూ మంచం పక్కన సిరంజి పంపులో చుక్కచుక్కగా వెళ్లే ఇన్సులిన్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. గోదావరి జిల్లాల్లో మాత్రం మాట్లాడాల్సిందే.

ఇక్కడే ఎందుకంటే..

2006లో 'డయాబెటిస్ కేర్' అనే అంతర్జాతీయ జర్నల్‌లో ఒక సర్వే వచ్చింది. అది ఏ మహానగరం గురించో కాదు, మన ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 పల్లెల గురించి. బైర్రాజు ఫౌండేషన్, ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థలు కలిసి చేశాయి. 30 ఏళ్లు దాటిన 4,535 మందిని పరీక్షిస్తే 13.2 శాతం మందికి షుగర్ ఉన్నట్లు తేలింది. అందులో చాలామందికి పరీక్ష చేసేదాకా ఆ సంగతే తెలియదు. షుగర్ అంటే పట్నం జబ్బు అనుకునే రోజులవి. పొలం గట్ల మీద నడిచే ఊళ్లలో వందకు 13 మంది అంటే అప్పట్లో ఎవరూ ఊహించని సంఖ్య.

2023లో ఐసీఎంఆర్ పెద్ద సర్వే వచ్చింది. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని, పెద్దవాళ్లలో 11.4 శాతం అని తేల్చింది. అంటే ఆ గోదావరి పల్లెలు దాదాపు 20 ఏళ్ల కిందే ఇవాళ్టి దేశ సగటును దాటేశాయి. రెండు సర్వేలూ ఒకే పద్ధతిలో చేసినవి కావు, వయసు లెక్కలు కూడా వేరు. అయినా విషయం అర్థమవుతుంది. డెల్టాలో ఐసీయూ మంచమెక్కే మనిషికి షుగర్ ఉండే అవకాశం ఎక్కువ. ఉందని తెలియకుండా ఎక్కే అవకాశం కూడా తక్కువేం కాదు.

కోవిడ్ సెకండ్ వేవ్ గుర్తుందిగా? అప్పట్లో రాష్ట్రంలోనే ఎక్కువ కేసులు తూర్పుగోదావరి జిల్లావి. ఆక్సిజన్ మీదున్న పేషెంట్లకు స్టెరాయిడ్లు ఇచ్చారు.. ప్రాణాలు కాపాడింది అవే. కానీ స్టెరాయిడ్ పడితే షుగర్ ఎగబాకుతుంది. 2021 మేలో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది. దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చాల్సి వచ్చింది. నోటిఫై చేయాల్సిన వ్యాధిగా ప్రకటించాలని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి షుగర్ అదుపులో లేదు. ఆసుపత్రిలో షుగర్ లెక్క తప్పితే ఏమవుతుందో చాలా కుటుంబాలు అప్పుడే చూశాయి.

షుగర్ లేనివాళ్లకీ ఎందుకు పెరుగుతుంది?

చాలామంది బంధువులకు ఇదే అర్థం కాదు. "మా ఇంటావంటా షుగర్ లేదండీ, ఇక్కడికొచ్చాకే వచ్చింది" అంటారు. ఆసుపత్రిని అనుమానిస్తారు కూడా.

పెద్ద జబ్బు చేసినప్పుడు, యాక్సిడెంట్ అయినప్పుడు, ఆపరేషన్ తర్వాత శరీరం ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. కాలేయం నిల్వ ఉన్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. అదే టైంలో ఇన్సులిన్ మాట కండరాలు వినడం మానేస్తాయి. దీనికితోడు బీపీ పడిపోకుండా ఇచ్చే మందులు, స్టెరాయిడ్లు, ముక్కు గొట్టంలో పోసే ఆహారం. అన్నీ కలిసి షుగర్‌ను పైకి నెడతాయి. వరి పొలాల ప్రాంతం కాబట్టి ఇంకొకటి చెప్పుకోవాలి.. పురుగుమందు తాగి వచ్చే కేసులు. ఆర్గానోఫాస్ఫేట్ మందుల విషం ఎక్కినప్పుడు కూడా షుగర్ లేనివాళ్లలో రీడింగ్ పెరగడం డాక్టర్లకు తెలిసిన విషయమే.

అసలు చిక్కు పెరగడం కాదు, నిలకడ లేకపోవడం. పొద్దున 4 యూనిట్ల ఇన్సులిన్‌కి కదలని షుగర్, రాత్రి జ్వరం తగ్గాక 2 యూనిట్లకే పడిపోవచ్చు. అదే మనిషి, అదే మంచం.

2001లో ఒక మాట.. 2009లో ఇంకో మాట

బెల్జియంలోని లూవెన్‌లో డాక్టర్ గ్రీట్ వాన్ డెన్ బెర్గె బృందం 2001లో ఒక ట్రయల్ ఫలితాలు ప్రకటించింది. సర్జికల్ ఐసీయూలో 1,548 మంది పేషెంట్లు. ఒక గ్రూపుకి ఇన్సులిన్‌తో షుగర్‌ని 80 నుంచి 110 మధ్య ఉంచారు (ఇక్కడ చెప్పే అంకెలన్నీ మన ల్యాబ్ రిపోర్టుల్లో ఉండే మిల్లీగ్రాముల లెక్కే). ఐసీయూలో మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. వైద్య ప్రపంచం ఎగిరి గంతేసింది. కొత్త మందు లేదు, ఖరీదైన మెషీన్ లేదు.. ఎప్పుడూ ఉన్న ఇన్సులిన్‌నే జాగ్రత్తగా వాడితే సగం దాకా ప్రాణాలు నిలబడతాయంటే ఎవరు కాదంటారు? ఐసీయూలన్నీ ఆ దారి పట్టాయి.

2009లో వచ్చింది నైస్-షుగర్ ట్రయల్. పేరు తియ్యగా ఉన్నా వార్త మాత్రం చేదే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, అమెరికాల్లో 6,104 మంది పేషెంట్లు. ఒక గ్రూపుకి 81 నుంచి 108 టార్గెట్. ఇంకో గ్రూపుకి 180 లోపు ఉంటే చాలన్నారు. 90 రోజుల తర్వాత చూస్తే గట్టిగా దించిన గ్రూపులో 27.5 శాతం మంది చనిపోయారు. వదిలేసిన గ్రూపులో 24.9 శాతం. షుగర్ 40 కంటే కిందకు పడిపోయినవాళ్లు మొదటి గ్రూపులో 6.8 శాతం, రెండో గ్రూపులో 0.5 శాతమే.

ఈ ట్రయల్ నడిపిన సంస్థల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. అవును, మన గోదావరి పల్లెల్లో షుగర్ లెక్క తీసిన అదే ఇన్‌స్టిట్యూట్!

40 అంటే ఎంత ప్రమాదమో కొంచెం చెప్పుకోవాలి. మెదడు దాదాపుగా గ్లూకోజ్ మీదే నడుస్తుంది. ఇంట్లో ఉన్న షుగర్ పేషెంట్‌కి లో అయితే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, "ఏదోలా ఉంది, పంచదార ఇవ్వండి" అని అడుగుతాడు. వెంటిలేటర్ మీద మత్తులో ఉన్న మనిషి ఏమీ చెప్పలేడు. ఆ గంటలో ఎవరూ రక్తం పరీక్షించకపోతే లో అయినట్లు తెలిసే దారే లేదు. షుగర్ 210 ఉంటే ఇవాళ కాకపోతే రేపు సర్దుకోవచ్చు. 30కి పడి కాసేపు అలాగే ఉంటే మెదడుకి జరిగిన నష్టం తిరిగి రాదు.

అందుకే ఇప్పుడు చాలా గైడ్‌లైన్స్ మధ్యే మార్గం చెబుతున్నాయి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మాటేంటంటే.. 180 దాటితే ఇన్సులిన్ మొదలుపెట్టండి, ఎక్కువమందికి 140 నుంచి 180 మధ్య ఉంచండి. కాబట్టి ఐసీయూలో 170 అని విని కంగారు పడక్కర్లేదు. అది డాక్టర్లు కావాలనే ఉంచుతున్న అంకె కావచ్చు.

ఇంతకీ మోడల్ అంటే ఏంటి?

గోదావరి వాళ్లకి ఇది అర్థం చేసుకోవడం తేలిక. వరదొచ్చినప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఏం చేస్తారు? అక్కడి నీటిమట్టం ఒక్కటే చూసి గేట్లు ఎత్తరు. భద్రాచలంలో ఎన్ని అడుగులుంది, శబరి ఎలా ఉంది, ఆ నీళ్లు ఇక్కడికి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది.. ఇవన్నీ లెక్కేసి ముందే సిద్ధపడతారు. మామూలు ఐసీయూ చార్టు ధవళేశ్వరం అంకె ఒక్కటే చూసినట్లు. షుగర్ 200 ఉంటే ఇన్ని యూనిట్లు, 250 ఉంటే ఇన్ని అని పట్టీ ఉంటుంది. అందరికీ అదే పట్టీ. మోడల్ మాత్రం ఎగువన ఏం జరుగుతోందో కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

ఈ పని ఎక్కువగా చేసింది న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్. కాంటర్బరీ యూనివర్సిటీ ఇంజనీర్ జెఫ్రీ చేజ్, అక్కడి ఆసుపత్రి ఐసీయూ డాక్టర్ జెఫ్ షా కలిసి 2005లో 'స్ప్రింట్' అనే పద్ధతి తెచ్చారు. విచిత్రమేంటంటే అప్పుడు మంచం దగ్గర కంప్యూటరే లేదు. లెక్కంతా ముందే చేసి, నర్సులు తిప్పుకునే అట్ట చక్రాల్లోకి దించారు. చక్రం తిప్పితే ఎంత ఇన్సులిన్, ఎంత ఆహారం అని కనిపిస్తుంది. తర్వాత దాన్నే 'స్టార్' పేరుతో టాబ్లెట్‌లోకి తెచ్చారు.

స్టార్ చేసేది ఇదీ. గత గంటల్లో షుగర్ ఎంత మారింది, ఎంత ఇన్సులిన్ వెళ్లింది, గొట్టంలో ఎంత ఆహారం వెళ్లింది.. ఈ మూడూ ఎక్కించగానే, ఈ మనిషిలో ఇన్సులిన్ ఇప్పుడు ఎంత బలంగా పనిచేస్తోందో ఒక అంకె తీస్తుంది. గతంలో చూసిన పేషెంట్ల డేటాతో పోల్చి, వచ్చే 1 నుంచి 3 గంటల్లో ఆ బలం ఎంతవరకు పెరగొచ్చు, ఎంతవరకు తగ్గొచ్చు అని ఒక పరిధి గీస్తుంది. ఆ పరిధిలో చెడ్డ కొస ఎదురైనా షుగర్ మరీ కిందకు పడే ముప్పు 5 శాతం దాటకుండా డోసు ఎంచుతుంది. కావాలంటే ఇన్సులిన్ పెంచకుండా ఆహారం కాస్త తగ్గించమంటుంది. ఈ చివరిదే తెలివైన పని. మన దగ్గర ఇన్సులిన్ చార్టు ఒకరి చేతిలో, గొట్టం ఆహారం లెక్క ఇంకొకరి చేతిలో ఉంటుంది. రెండూ కలిపి చూసేవాళ్లు తక్కువ.

స్ప్రింట్ వచ్చాక క్రైస్ట్‌చర్చ్ ఐసీయూలో ఎక్కువ రోజులున్న పేషెంట్లలో మరణాలు తగ్గాయని వాళ్లు ప్రకటించారు. అయితే అది ముందూ తర్వాతా పోల్చిన లెక్క. పేషెంట్లను చీటీలేసి రెండు గ్రూపులు చేసిన ట్రయల్ కాదు. కాబట్టి ఆ మాటను అంతవరకే తీసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ పెట్టేస్తే పనైపోతుందా?

2023లో లూవెన్ బృందమే మళ్లీ పెద్ద ట్రయల్‌తో వచ్చింది. ఈసారి 9,230 మంది. 'లాజిక్-ఇన్సులిన్' అనే సాఫ్ట్‌వేర్ సాయంతో ఒక గ్రూపుని 80-110 మధ్య ఉంచారు. ఇంకో గ్రూపుకి 215 దాటితేనే ఇన్సులిన్. షుగర్ 40 కిందకు పడినవాళ్లు గట్టి గ్రూపులో 1 శాతం, వదులు గ్రూపులో 0.7 శాతం. 2009 నాటి 6.8 శాతం పక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. పేషెంట్లు వేరు, ఆహారం ఇచ్చే తీరు వేరు కాబట్టి నేరుగా పోల్చలేం. పైగా నైస్-షుగర్‌లోనూ డోసు చెప్పడానికి కంప్యూటర్ రూల్స్ వాడారు. అంటే స్క్రీన్ ఉండటం గొప్ప కాదు, అందులో ఉన్న లెక్క ముఖ్యం.

మరి ప్రాణాలు? 90 రోజుల మరణాల్లో తేడా రాలేదు. 10.5, 10.1 శాతం. ఐసీయూలో ఉండాల్సిన రోజులూ తగ్గలేదు.

ఇక్కడే తొందరపడకూడదు. మోడల్ చేతికొచ్చింది కదా అని మళ్లీ 100కి లాగాలన్న ఉత్సాహం మొదలైతే 2009 పాఠం మర్చిపోయినట్లే. ఇప్పటిదాకా వచ్చిన ఆధారాలు చూస్తే, మోడల్ నుంచి ఆశించాల్సింది ఇంకా కిందకు దించడాన్ని కాదు.. 140-180 మధ్య ఉంచుతూ లో కాకుండా చూడటాన్ని. డెల్టాలో ఏళ్ల తరబడి 250లో తిరిగే షుగర్ పేషెంట్లు ఎక్కువ. వాళ్ల శరీరం ఆ అంకెకి అలవాటు పడి ఉంటుంది. ఇలాంటివాళ్లకు ఇంకా వదులుగా ఉంచితే ఎలా ఉంటుందని 2022లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో చూశారు. లో కావడం తగ్గింది కానీ మరణాలు తగ్గినట్లు తేలలేదు. ఇది ఇంకా తెగని పంచాయితీ.

ఇంకో చిక్కు. క్రైస్ట్‌చర్చ్ పేషెంట్ల డేటాతో తయారైన మోడల్ మన పేషెంట్లకు సరిపోతుందా? మలేషియాలో స్టార్‌ని ప్రయత్నించినప్పుడు అక్కడి పేషెంట్లలో ఇన్సులిన్ పనిచేసే బలం తక్కువగా ఉన్నట్లు కనిపించింది. గోదావరి మంచాల మీద ఎలా ఉంటుందో తెలియాలంటే ఇక్కడి రీడింగులతోనే సరిచూడాలి. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నుంచి ఉంది. రాజానగరంలో జీఎస్ఎల్, అమలాపురంలో కిమ్స్, ఏలూరులో ఆశ్రం ఉన్నాయి. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఇన్ని కాలేజీలున్న చోట ఆ పని చేయడానికి మనుషుల్లేరని అనలేం.

అసలు ఇబ్బంది మెషీన్ దగ్గర కాదు, రాత్రి 2 గంటల దగ్గర. భద్రాచలం రీడింగ్ రాకపోతే ధవళేశ్వరంలో ఎంత మంచి కంప్యూటరున్నా ఏం చేస్తుంది? మోడల్‌దీ అదే పరిస్థితి. గంటకో రెండు గంటలకో రీడింగ్ పడాలి. ఒక్కో నర్సు చేతిలో ముగ్గురు నలుగురు పేషెంట్లుంటే రెండు గంటల రీడింగ్ నాలుగు గంటలవుతుంది. చార్టులో మాత్రం టైం సరిగ్గానే రాసి ఉంటుంది. తప్పు టైంతో ఎక్కించిన రీడింగ్ అసలు లేనిదానికన్నా చెడ్డది, ఎందుకంటే మోడల్ దాన్ని నమ్ముతుంది.

రీడింగ్ ఎక్కడి నుంచి తీశారన్నదీ ముఖ్యమే. షాక్‌లో ఉన్న మనిషికి వేలి చివరకు రక్తం సరిగా అందదు. అక్కడ సూది గుచ్చి గ్లూకోమీటర్‌లో చూస్తే అంకె తప్పుతుంది. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్లలో కొన్ని మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. నిజంగా 65 ఉంటే 90 చూపిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇలాంటి పేషెంట్లకు ధమని లైన్ నుంచి తీసి బ్లడ్ గ్యాస్ మెషీన్‌లో చూడటమే నమ్మకం.

మరీ మామూలుగా జరిగే ప్రమాదం ఇంకొకటుంది. పేషెంట్‌ని సీటీ స్కాన్‌కి తీసుకెళ్లాలి. ముక్కు గొట్టంలో ఆహారం ఆపేస్తారు. ఇన్సులిన్ పంపు మాత్రం అలాగే నడుస్తుంటుంది. గంట తర్వాత పైకి తెచ్చేసరికి షుగర్ పడిపోయి ఉంటుంది. కోనసీమ లంకల నుంచి రాజమండ్రికో కాకినాడకో అంబులెన్సులో వచ్చేవాళ్లకీ ఇదే ముప్పు. ఒక ఆసుపత్రిలో ఇన్సులిన్ ఇచ్చి పంపిస్తారు. ఎప్పుడిచ్చారో రెఫరల్ చీటీ మీద ఉండదు. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని ఊహించలేదు.

సాఫ్ట్‌వేర్ మీద మితిమీరిన ఆశలు పెట్టుకోకూడదనడానికి పశ్చిమగోదావరి అనుభవమే ఒకటుంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఇదే జిల్లాలో 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తలకు టాబ్లెట్లు ఇచ్చింది. గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్లను గుర్తించి, ఏం చేయాలో టాబ్లెట్టే చెప్పేది. 2019లో ఫలితాలు వచ్చాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సలహా చెప్పడం వేరు.. ఆ తర్వాత డాక్టరు, మందు, మళ్లీ చెకప్ అన్నీ వరసగా అందడం వేరు.

అందుకని మోడళ్లు వద్దనడం కాదు. ముందు చేయాల్సిన పనికి పెద్ద ఖర్చు లేదు. ఆహారం ఆపితే ఇన్సులిన్ కూడా ఆపాలన్న ఒకే ఒక్క రూల్, రీడింగ్‌తోపాటు అసలు టైం రాసే అలవాటు, ప్రతి నెలా ఎంతమందికి 70 కిందకు పడిందో లెక్కబెట్టే రిజిస్టర్. ఈ రిజిస్టర్ ఉన్న ఐసీయూకి మోడల్ ఇస్తే పనికొస్తుందో లేదో మూడు నెలల్లో తెలిసిపోతుంది. లేని ఐసీయూకి ఇస్తే ఎప్పటికీ తెలియదు.

బయట కుర్చీల్లో ఉన్నవాళ్లు ఏం అడగాలి?

"షుగర్ ఎంతుంది" అన్న దాంతోపాటు ఇంకో రెండు అడగొచ్చు. ఎన్ని గంటలకోసారి చూస్తున్నారండీ? ఎప్పుడైనా 70 కిందకి పడిందాండీ? ఈ రెండో ప్రశ్నకు ఏ డాక్టరూ విసుక్కోడు.

అడగడం కన్నా ముందు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ రిపోర్టు ఇంట్లో ఉంటే తేవాలి. పాతదైనా పర్వాలేదు. మోకాళ్ల నొప్పులకనో ఆయాసానికనో ఆర్ఎంపీ దగ్గర స్టెరాయిడ్ వాడుతుంటే దాచకూడదు. ఇంకా ముఖ్యం.. వాడుతున్న షుగర్ మాత్రల అట్ట. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర పొద్దున వేసుకుని, సాయంత్రం ఆసుపత్రిలో చేరితే దాని పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మరీ ఎక్కువసేపు. దాని మీద ఇన్సులిన్ పడితే షుగర్ ఎక్కడికి జారుతుందో లోపలున్న డాక్టర్‌కి తెలియాలి. అట్ట లేకపోతే ఫోన్‌లో ఇంటికి చెప్పి ఫొటో తెప్పించుకోండి. ఆ మాత్ర చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో, చివరిసారి అన్నం ఎప్పుడు తిన్నారో ఒక కాగితం మీద రాసి నర్సు చేతికివ్వండి.